గేటు దగ్గర నిలబడ్డ ఆడవాళ్లు

చిన్నూ, అమ్ములూ,

కార్మికుల రాజ్యమని చెప్పుకున్న పోలండ్‌లో 1980లో కార్మికులే సమ్మె ఎందుకు చేశారని మొన్న ఫోన్‌లో అడిగారు. అప్పుడు సరిగా చెప్పలేకపోయాను. నేనూ ఎర్రజెండా పట్టుకుని తిరిగినవాణ్ని కాబట్టి ఈ సంగతి చెప్పాలంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

పోలండ్‌లో అప్పుడు ఫ్యాక్టరీ ప్రభుత్వానిది, ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీది. యూనియన్ కూడా పార్టీ చెప్పినట్టే నడిచేది. సెలవుల్లో కుటుంబంతో ఎక్కడికైనా వెళ్లాలంటే ఏర్పాటు చేసేది. జీతం చాలడం లేదనో, అధికారి అన్యాయం చేశాడనో వెళ్తే మాత్రం కార్మికుడి పక్షాన నిలబడేది కాదు. 1970 డిసెంబరులో ధరలు పెంచారని సముద్రతీర పట్టణాల్లో కార్మికులు రోడ్డెక్కితే సైన్యం కాల్పులు జరిపింది. 40 మందికి పైగా చనిపోయారు.

గ్డాన్‌స్క్‌లోని లెనిన్ షిప్‌యార్డ్‌లో అన్నా వాలెంటినోవిచ్ క్రేన్ నడిపేది. స్వతంత్ర యూనియన్ కోసం పనిచేస్తోందని, రిటైర్మెంట్‌కు అయిదు నెలలుందనగా, 1980 ఆగస్టులో ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు. 14వ తేదీన తోటివాళ్లు పని ఆపేశారు. అంతకుముందే ఉద్యోగం పోయిన ఎలక్ట్రీషియన్ లెక్ వాలెసా వచ్చి ముందు నిలిచాడు.

16న మేనేజ్‌మెంట్ దిగొచ్చింది. జీతాలు పెంచుతామంది, అన్నానూ వాలెసానూ మళ్లీ తీసుకుంటామంది. సమ్మె ముగిసిందని ప్రకటించారు, జనం ఇళ్లకు బయల్దేరారు. మరి వీళ్లను చూసి పని ఆపిన చిన్న ఫ్యాక్టరీల వాళ్ల గతేమిటి? అన్నా, నర్సు అలీనా పియెంకోవ్‌స్కా, ఇంకొందరు ఆడవాళ్లు గేట్ల దగ్గరికి పరుగెత్తి, వెళ్లేవాళ్లను బతిమాలి ఆపారు. తమ బేరం కుదిరాక కూడా పక్కవాడి కోసం ఆగడం ఎంత కష్టమో, సమ్మెల్లో ఉన్నవాణ్ని కాబట్టి నాకు తెలుసు.

ఆ తర్వాత 21 డిమాండ్లు చెక్క పలకల మీద రాసి గేటుకు కట్టారు. ఆగస్టు 31న ప్రభుత్వం సంతకం పెట్టింది. అలా పుట్టిన యూనియన్ సాలిడారిటీలో దాదాపు కోటిమంది చేరారు. 1981 డిసెంబరు 13న సైనిక పాలన పెట్టారు. మూడు రోజులకే వుయెక్ బొగ్గుగనిలో తొమ్మిదిమంది కార్మికులను కాల్చి చంపారు. సాలిడారిటీనీ నిషేధించారు. ఆ నిషేధం 1989లో గానీ తొలగలేదు.

ఆ పలకల ఫోటో దొరికితే చూడండి. మొదటి డిమాండు జీతం గురించి కాదు. పార్టీతో, యజమానితో సంబంధం లేని యూనియన్ కావాలని. ఆ హక్కు ఇచ్చే అంతర్జాతీయ కార్మిక సంస్థ 87వ ఒప్పందాన్ని పోలండ్ ప్రభుత్వం అంతకుముందే ఆమోదించింది. వాళ్లు దాన్నే గుర్తుచేశారు. ఆ ఒప్పందాన్ని మన దేశం ఇంకా ఆమోదించలేదు. ఎందుకో ఈసారి వచ్చినప్పుడు మాట్లాడుకుందాం.

మీ తాతయ్య