చెడ్డరోజుల కోసం ఇంట్లో ఏం దాచుకోవాలి: పిల్లలకు ఉత్తరం

చిన్నోడికీ, బుజ్జికీ, మిగతా పిల్లలందరికీ పర్లాకిమిడి నుంచి తాతయ్య దీవెనలు.

మన ఫ్యామిలీ గ్రూపులో మీరు అడిగింది చూశాను. ఏ యుద్ధమో, పెద్ద తుఫానో వచ్చి బ్యాంకులు మూతపడితే, ఫోన్లో డబ్బు ఫోన్లోనే ఉండిపోతే, సరుక్కి సరుకు ఇచ్చి బతకాల్సి వస్తే ఏం కొని పెట్టుకోవాలి, బంగారం బిస్కెట్టా వెండి నాణేలా అని. గ్రూపులో రెండు ముక్కల్లో చెప్పేది కాదని ఇలా రాస్తున్నాను. ఆ రెండూ మంచివే గానీ మొదట కొనాల్సినవి మాత్రం అవి కావు.

ముందు ఒక సంగతి అర్థం చేసుకోండి. తెలిసినవాళ్ల మధ్య వస్తుమార్పిడి అవసరమే రాదు, అరువు నడుస్తుంది. 2016 నవంబర్ 8 రాత్రి 500, 1000 నోట్లు రద్దు చేసినప్పుడు దేశంలో తిరుగుతున్న నోట్ల విలువలో 86 శాతం ఆ రెండు రకాలే. మర్నాడు పొద్దున మన కిరాణా కొట్టు ముందు జనం నిలబడ్డారు, ఎవరి దగ్గరా చెల్లే డబ్బు లేదు. అప్పుడు ఎవరైనా బిందె తెచ్చి నూనె పట్టుకెళ్లారా? లేదు. ఖాతా పుస్తకం తీశాం, పేరు రాశాం, సరుకు ఇచ్చాం. దాదాపు అందరూ తీర్చారు కూడా. కాబట్టి మీరుండే చోట పక్కింటివాళ్లతో, వీధి కొట్టువాడితో నమ్మకంగా ఉండటం మీరు దాచుకునే ఏ వస్తువు కన్నా ముందు అక్కరకొస్తుంది. ఆ తర్వాత వంద, యాభై, ఇరవై నోట్లు కొన్ని ఇంట్లో ఉంచుకోండి. ఆ నెలంతా వంద నోట్లున్న ఇల్లు ఇబ్బంది పడలేదు.

సరుక్కి సరుకు ఇచ్చుకోవాల్సింది ముక్కూమొహం తెలియనివాడితో. వాడు మిమ్మల్ని నమ్మడు, మీరు వాణ్ణి నమ్మరు, ఇద్దరూ ఆ వస్తువునే నమ్మాలి. మా చిన్నప్పుడు ఈ జిల్లాలో సంతలన్నీ ఇలాగే నడిచేవి. కొండల మీద నుంచి సవర గిరిజనులు చింతపండు, పసుపు, అడ్డాకులు, కొండచీపుళ్లు దించుకొచ్చి ఉప్పు, ఎండుచేపలు పట్టుకెళ్లేవారు. ఉప్పు సముద్రతీరాన ఉన్న నౌపడ నుంచి వచ్చేది. చింతపండు ఎవరికైనా చూడగానే మంచిదో కాదో తెలుస్తుంది, ఉప్పు నాలిక మీద వేసుకుంటే తెలుస్తుంది, అక్కడ గొడవ లేదు. గొడవంతా కొలత దగ్గరే. కొలిచేది షావుకారు, చూస్తూ నిలబడేది సవర. చింతపండు తూచేటప్పుడు ఒక రాయి, ఉప్పు కొలిచేటప్పుడు అడుగు పైకి లొట్టపోయిన కుంచం. కొండ దిగి అంతదూరం మోసుకొచ్చినవాడు సగం ఉప్పుతో వెనక్కి ఎక్కేవాడు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. షావుకార్ల ఈ దోపిడీకి అడ్డం పడాలనే 1956లో ఆంధ్రలో గిరిజన సహకార సంస్థ పెట్టారు.

అందుకని నేను కొనమనే మొదటి వస్తువు తక్కెడ. చేత్తో పట్టుకునేది, కిలో నుంచి యాభై గ్రాముల దాకా ముద్ర వేసిన తూనికరాళ్లతో సహా. కరెంటు పోయిన మూడో రోజుకి ఎలక్ట్రానిక్ కాటా ఛార్జింగ్ అయిపోయి మూలన పడుతుంది. సరైన తక్కెడ ఉన్న ఇంటికి నలుగురూ వస్తారు, ఎవరి బేరం వాళ్లు అక్కడే తేల్చుకుంటారు, మీ మాటకి విలువ ఉంటుంది.

ఇక సరుకులు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక జర్మనీలో నోటు మీద నమ్మకం పోయి 1948 జూన్‌లో కొత్త మార్కు వచ్చేదాకా సిగరెట్లే డబ్బులా తిరిగాయి. కాల్చనివాళ్లు కూడా తీసుకునేవారు. ఎందుకంటే చిన్న బేరానికి ఒక్కటి ఇవ్వొచ్చు, పెద్ద బేరానికి పెట్టెలు ఇవ్వొచ్చు, అన్నీ ఒకేలా ఉంటాయి, తెచ్చినవాడి దగ్గర మళ్లీ ఇంకొకడు పుచ్చుకుంటాడు. మీరు పొగాకు కొనమని నేను చెప్పను, మన వానలకి బూజు పడుతుంది, పైగా అది ఇంట్లో ఉంటే ఎవరో ఒకరికి అలవాటవుతుంది. సారా, మందు అసలే వద్దు, చట్టంతో తంటా, తాగినవాడు అర్ధరాత్రి మన తలుపే కొడతాడు. కానీ సిగరెట్టులో ఉన్న ఆ గుణం ఇంకా దేనిలో ఉందో వెతకండి.

నాకు తెలిసి మన వైపు దానికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది బట్టల సబ్బు. బారు సబ్బుని కొట్లో సన్నటి తీగతో ముక్కలు కోసి ఇచ్చేవాళ్లం, ఎంత కావాలంటే అంత. ఎండేకొద్దీ గట్టిపడుతుంది, నీళ్లలో తొందరగా అరగదు, కాబట్టి ఏళ్ల తరబడి దాచినా నష్టం లేదు. ఎలకలు కొరుకుతాయి, రేకు డబ్బాలో పెట్టాలి, అంతే. తర్వాత అగ్గిపెట్టెలు. వానాకాలం గాలికి పెట్టె పక్కనున్న మందు మెత్తబడి పుల్ల గీస్తే గీరుకుపోతుంది తప్ప వెలగదు, అందుకే బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి ఎండాకాలంలోనే సీలు చేసేయాలి. సూదులు, గట్టి దారం, బ్లేడ్లు, కొవ్వొత్తులు, టార్చి సెల్లులు కూడా చిన్నచిన్నవి, చోటు తినవు. ఉప్పు జాడీలో పెడితే ఎన్నాళ్లయినా ఉప్పే, చెమ్మ పడితే ఎండబెట్టుకోవచ్చు. బెల్లం మాత్రం మన వానలకి కారిపోతుంది, దాన్ని నమ్ముకోకండి.

తిండిగింజల్లో చోళ్లకి, అదే రాగులకి, సాటి లేదు. గింజ చిన్నది, గట్టిది, పురుగు దాని జోలికి పెద్దగా రాదు, బాగా ఎండబెట్టి దాస్తే ఏళ్లు నిలుస్తుంది. పైగా మన కొండ ఊళ్లలో చోళ్ల అంబలి తాగని ఇల్లు లేదు, అంటే తీసుకోనివాడు లేడు. బియ్యంలో పచ్చిబియ్యం కన్నా ఉప్పుడు బియ్యం మేలు. ధాన్యంగా ఉంచితే ఇంకా నిలుస్తుంది గానీ కరెంటు లేకపోతే మిల్లు ఆడదు, రోకలి పట్టగలిగే చేతులు ఇప్పుడు మీ ఇళ్లలో ఎన్ని ఉన్నాయో చూసుకోండి. ఏది కొన్నా మీ ఇంట్లో రోజూ వాడేదే కొంచెం ఎక్కువ తెచ్చుకుని, పాతది ముందు వాడుతూ కొత్తది వెనక చేర్చండి. గదులు నింపి పెట్టి జనం ఆకలి మీద లాభం చూసుకోవడం నేను ఒప్పుకోను. తాగేనీళ్లకి, చంటిపిల్లల పాలకి, మందులకి బదులుగా ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోకండి. ఉంటే ఇవ్వండి, లేకపోతే లేదని చెప్పండి. పెట్రోలు ఇంట్లో దాచొద్దు, అది ప్రమాదం.

ఇప్పుడు తుఫాను సంగతి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి మన మీదకి వచ్చింది. మన గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి చాలామంది పోయారు, చెట్లు పడి దారులు మూసుకుపోయాయి. ఆ రోజుల్లో ఎవరూ బంగారం ఊసెత్తలేదు. అందరూ అడిగింది టార్పాలిన్, తాడు, మేకులు, గొడ్డలి, రంపం. మన ఇంట్లో ఒక చేతిరంపం ఉండేది. దాన్ని ఒకరు పట్టుకెళ్లి తమ ఇంటి మీద పడ్డ కొబ్బరిచెట్టు కోసుకుని, తెచ్చిచ్చేటప్పుడు కాయలు తెచ్చేవారు, ఇంకొకరు పట్టుకెళ్లి మన పెరట్లో పడ్డ చెట్టు కూడా కోసి పెట్టారు. బియ్యం ఇచ్చేస్తే అయిపోతుంది, రంపం ఎన్నిసార్లు ఇచ్చినా మళ్లీ మన ఇంటికే వస్తుంది. అందుకే నా లెక్కలో సబ్బు, చోళ్ల కన్నా మంచి పనిముట్టు పైన. రంపం, గొడ్డలి, పలుగు, ఆకురాయి, గట్టి తాడు, రెండు టార్పాలిన్లు. చవకరకం కొనకండి, ఒక మంచి రంపం అంత ధర పెట్టి నాలుగు రేకుముక్కలు తెచ్చుకుని లాభం లేదు.

ఎవరైనా రేపటి కోసం కూపన్లు, టోకెన్లు కొనమంటే దూరంగా ఉండండి. అర్జెంటీనాలో 2001 చివర్లో బ్యాంకుల నుంచి డబ్బు తీయనివ్వకపోతే జనం అంతకుముందే ఉన్న మార్పిడి క్లబ్బుల్లోకి ఎగబడ్డారు, ఆ క్లబ్బులు సొంత కాగితాలు అచ్చేసుకునేవి, లక్షలమంది వాటి మీద బతికారు. ఏడాది తిరక్కుండానే దొంగ కాగితాలు వచ్చిపడి, అసలువీ ఎక్కువైపోయి, చాలా క్లబ్బులు కూలిపోయాయి.

బంగారం దగ్గరికి వస్తాను. పది గ్రాముల బిస్కెట్టు పట్టుకుని బియ్యం కొనడానికి వెళితే చిల్లర ఎవడిస్తాడు? బస్తా కోసం బిస్కెట్టు వదులుకోవాల్సిందే, ఆకలి మీద ఉన్నవాడి దగ్గర అలా లాక్కునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. పైగా 2023 ఏప్రిల్ నుంచి కొత్త నగల మీద అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హాల్‌మార్క్ కోడ్ తప్పనిసరి చేశారు, మంచిదే, కానీ దాన్ని సరిచూడాలంటే ఫోనూ నెట్టూ ఉండాలి. అవి లేనిరోజు పల్లెలో మీ బంగారం అసలుదని చెప్పేవాడు గీటురాయి ఉన్న కంసాలి ఒక్కడే. బంగారం కష్టం గడిచాక పనికొస్తుంది, పడిపోయిన ఇల్లు కట్టుకోవడానికి, పిల్లల ఫీజుకి, విత్తనాలకి. అందుకు కొనుక్కోండి, ఒకటి రెండు గ్రాముల చిన్న 916 (22 క్యారెట్) వస్తువులుగా కొనుక్కోండి, కష్టం నడుస్తుండగా అమ్మకండి. వెండి పట్టీలు, కడియాలు ఊళ్లో అందరూ గుర్తుపడతారు గానీ పైపూత సరుకు చాలా తిరుగుతోంది, తెలిసిన కొట్లో రసీదు తీసుకుని కొనండి.

బుజ్జీ, నువ్వు భువనేశ్వర్ ఫ్లాటులో గొడ్డలి ఎక్కడ పెట్టుకుంటానని అడుగుతావు. నీకు చేతిరంపం, ఒక టార్పాలిన్, తాడు, మంచం కింద ఒక రేకుపెట్టె సబ్బులూ అగ్గిపెట్టెలూ చాలు. చిన్నోడు ఊళ్లోనే ఉంటాడు కాబట్టి చోళ్లు వాడి పూచీ. కోతలయ్యాక సంతలో కొత్తవి దిగుతాయి, తేమ పోయేదాకా ఎండబెట్టి అప్పుడు డ్రమ్ములో పొయ్యాలి. తక్కెడ కొనేముందు రెండు పళ్లాలూ ఖాళీగా పెట్టి ముల్లు నిటారుగా నిలుస్తోందో లేదో చూడండి, తర్వాత పళ్లేలు అటుదిటు మార్చి మళ్లీ చూడండి.

ఉంటాను,
మీ తాతయ్య