పటాలంలో పంతులుగారికి ఏం పని?

చిరంజీవులైన మనవలకూ, మనవరాళ్లకూ, వాళ్ల స్నేహితులకూ ఆశీస్సులు.

మొన్న మీరందరూ కలిసి ఫోనులో అడిగిన ప్రశ్నకు రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే ఈ ఉత్తరం. "సైన్యంలో పూజారి ఉద్యోగాలు కూడా ఉంటాయట కదా తాతయ్యా, యుద్ధం చేసేచోట పూజారికి ఏం పని? చంపడానికి వెళ్లేవాళ్లను దేవుడి పేరు చెప్పి దీవించడం తప్పు కాదా?" అన్నారు. మొదటి ప్రశ్న సులువైనదే. రెండోది మాత్రం ఎందరో మతగురువులు జీవితమంతా గుండెల్లో మోసిన ప్రశ్న. మీ వయసులోనే దాన్ని అడిగినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది.

మన సైన్యంలో వీళ్లను ధర్మగురువులు అంటారు. నాయబ్ సుబేదార్ హోదాలో, అంటే జేసీవోగా (జూనియర్ కమిషన్డ్ ఆఫీసరుగా) చేరతారు. పండిట్, గ్రంథీ (సిక్కు గురువు), మౌల్వీ, పాదరీ, బౌద్ధ భిక్షువు అని వేర్వేరు పోస్టులుంటాయి. గూర్ఖా పటాలాలకు విడిగా గూర్ఖా పండిట్ ఉంటాడు. లద్దాఖ్ స్కౌట్స్‌లో షియా మౌల్వీ, మహాయాన బౌద్ధ భిక్షువు ఉంటారు. పుణెలోని జాతీయ సమైక్యతా సంస్థలో వీళ్లకు అన్ని మతాల గురించీ పాఠాలు చెబుతారు. మందిర్ పరేడ్, అంటే పటాలమంతా కలిసి చేసే ప్రార్థన, నడిపించడం, పండుగలు జరిపించడం, కొత్త జవాన్ల చేత ప్రమాణం చేయించడం పైకి కనిపించే పనులు. కానీ ఈ ఉద్యోగ ప్రకటనలో రాసి ఉండే మిగతా పనుల జాబితా చదవండి: అంత్యక్రియలకు హాజరు కావాలి, ఆసుపత్రిలో ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లాలి, కోలుకుంటున్నవాళ్లతో కలిసి ప్రార్థన చేయాలి, శిక్ష అనుభవిస్తున్న సైనికులను పలకరించాలి, జవాన్ల కుటుంబాల బాగోగులు చూడాలి. ఎక్కడ మనిషి కుంగిపోయి ఉంటాడో అక్కడికల్లా ఈయన వెళ్లాలన్నమాట. తప్పు చేసి క్వార్టర్ గార్డులో, అంటే పటాలం కాపలా గదిలో బందీగా, కూర్చున్నవాడి దగ్గరికి తోటివాళ్లు కూడా వెళ్లడానికి జంకుతారు. వెళ్లడం ధర్మగురువుకు విధి.

నేను చూసిన ఒక సంగతి చెబుతాను. ఒక శీతాకాలం మా యూనిట్ ఎత్తైన కొండల మీద ఉంది. శ్రీకాకుళం జిల్లా కుర్రవాడు ఒకడికి తండ్రి పోయాడని కబురొచ్చింది. సెలవు వెంటనే ఇచ్చారు, కానీ మంచు పడి దారి మూసుకుపోయింది. హెలికాప్టర్ ఎగిరే వాతావరణమూ లేదు. కొడుకు చేయాల్సిన కర్మ తాను చేయలేకపోతున్నానని వాడు అన్నం మానేశాడు. మా పండిట్‌జీ గఢ్వాల్ ప్రాంతం మనిషి, తెలుగు ఒక్క ముక్క రాదు. ఆయన ఆ కుర్రవాడి బంకరులో కూర్చొని, మీ ఊళ్లో ఏ రోజు ఏం చేస్తారో చెప్పు, అలాగే చేద్దాం అన్నాడు. తనకు తెలిసిన పద్ధతిలో కానిచ్చేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. అయినా కాగితం మీద రాసుకున్నాడు, రెండు మూడుసార్లు అడిగి సరిచూసుకున్నాడు. లంగర్‌లో, అంటే మా వంటశాలలో, బియ్యం ఉన్నాయి, నువ్వులు లేవు. ఒక సిక్కు హవల్దారు లోహ్రీ పండుగకు ఇంటినుంచి వచ్చిన రేవడీలను వేడినీళ్లలో వేసి, బెల్లం కరిగించి, నువ్వులు వడకట్టి తెచ్చాడు. పిండాలు పెట్టాక కాకి ముట్టాలి కదా. అంత ఎత్తులో మన కాకులు ఉండవు. పసుపు ముక్కుతో, కాకి జాతికే చెందిన నల్లని పక్షులుంటాయి. అవే వచ్చాయి. ఆ రాత్రి కుర్రవాడు భోజనం చేశాడు. ధర్మగురువు పని ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. అది తన మతాన్ని ఎదుటివాడికి ఇవ్వడం కాదు. ఎదుటివాడి విశ్వాసాన్ని వాడికి అందుబాటులో ఉంచడం.

దీన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో మన మద్రాసు సైన్యం చరిత్రే చెబుతుంది. నుదుట బొట్టు, విభూతి పెట్టుకోకూడదు, గడ్డాలు తీసేయాలి, తోలు ముక్క కుట్టిన కొత్తరకం తలపాగా పెట్టుకోవాలి అని ఈస్టిండియా కంపెనీ సైన్యాధికారులు సిపాయిలకు హుకుం జారీ చేశారు. 1806 జూలై 10న వేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. ఎంతో రక్తం చిందింది. ఆ తలపాగా ఉత్తర్వును వెనక్కి తీసుకోక తప్పలేదు. మద్రాసు గవర్నరు బెంటింక్‌నూ, సేనాపతి క్రాడక్‌నూ లండన్ వెనక్కి పిలిపించింది. అందుకు కారణాలు ఇంకా ఉన్నాయి, కానీ నిప్పంటించింది ఆ ఉత్తర్వే.

ఇప్పటి సైన్యంలో సర్వధర్మ స్థల్ అని ఒకటుంటుంది. ఒకే కప్పు కింద గుడి, మసీదు, గురుద్వారా, చర్చి. వడోదర వెళ్తే అక్కడి ఈఎంఈ (సైన్యపు ఎలక్ట్రికల్, మెకానికల్ ఇంజనీర్ల విభాగం) ప్రాంగణంలో దక్షిణామూర్తి ఆలయం తప్పక చూడండి. అల్యూమినియం రేకులతో కప్పిన గుమ్మటం ఎండలో తళతళలాడుతుంటుంది. 1966లో దాన్ని కట్టించిన బ్రిగేడియర్ యూజీన్ క్రైస్తవుడు. గుడి పైన కలశం, ఇస్లాం గుర్తుగా గుమ్మటం, చర్చి గోపురాన్ని తలపించే శిఖరం, బౌద్ధ, జైన చిహ్నాలు అన్నీ ఒకే కట్టడంలో కలిశాయి.

అయితే ఇదంతా ఎప్పుడూ ఇంత సాఫీగా సాగుతుందని చెబితే మీకు అబద్ధం చెప్పినట్టే. సిక్కు జవాన్ల దళానికి నాయకుడిగా ఉన్న ఒక క్రైస్తవ లెఫ్టినెంట్, పరేడ్‌లో వాళ్లతో పాటు నడిచినా గర్భగుడి లోపలికి మాత్రం రానన్నాడు. ఏకైక దేవుణ్ణి నమ్మే తన మనసు ఒప్పుకోదన్నాడు. సైన్యం అతణ్ణి ఉద్యోగం నుంచి తొలగించింది. 2025 మేలో ఢిల్లీ హైకోర్టు, నవంబరులో సుప్రీం కోర్టు ఆ నిర్ణయాన్నే సమర్థించాయి. జవాను ఎక్కడ తల వంచుతాడో అక్కడ వాడి పక్కన నిలబడడం అధికారి బాధ్యతే అని నేనూ అనుకుంటాను. కానీ మనస్సాక్షి అడ్డుపడుతోందని చెప్పే మనిషిని నేను తేలిగ్గా తీసుకోలేను. ఆ రెండూ నాలో ఇంకా పెనుగులాడుతూనే ఉన్నాయి. మీరు పెద్దయ్యాక మీకేం తోస్తుందో నాకు చెప్పండి.

ఇక లోకంలో మిగతాచోట్ల సంగతి. యుద్ధ నియమాలలో మతగురువుకు ప్రత్యేక స్థానం ఉంది. 1864లో కుదిరిన మొదటి జెనీవా ఒప్పందంలోనే వైద్యులతో పాటు మతగురువులకూ రక్షణ కల్పించారు. 1949 నాటి ఒప్పందాల ప్రకారం శత్రువు చేతికి చిక్కినా ఈయన యుద్ధఖైదీ కాడు. తనవాళ్లకు సేవ చేయడానికి అవసరమైతేనే శిబిరంలో ఉంచుకోవాలి. అమెరికా సైన్యంలోనైతే ఈయన అసలు తుపాకీ పట్టడు, తోడుగా ఉండే సహాయకుడు పట్టుకుంటాడు. పోరాటంలో పాలుపంచుకోడు కాబట్టే ఆ రక్షణ. అక్కడ ఇంకో గట్టి నియమం ఉంది. సైనికుడు ఆయనతో చెప్పుకున్న రహస్యం కమాండరు అడిగినా బయటపెట్టకూడదు. ఆ భరోసా లేకపోతే, భయపడుతున్నానని గాని, చచ్చిపోవాలనిపిస్తోందని గాని ఏ సైనికుడు నోరు విప్పుతాడు? 1775లో మొదలైన ఆ వ్యవస్థలోకి 1993లో తొలి ముస్లిం మతగురువు వచ్చాడు. 2011లో తొలి హిందూ గురువుగా ముంబైలో పుట్టిన ప్రతిమా ధర్మ్ అనే మహిళ వచ్చారు. మన పిల్లలు ఎందరో ఇప్పుడు ఆ దేశపు సైన్యంలో ఉన్నారు కాబట్టి ఈ మాట చెబుతున్నాను.

1943 ఫిబ్రవరి 3 అర్ధరాత్రి దాటాక డార్చెస్టర్ అనే నౌక గ్రీన్‌లాండ్ దగ్గరి గడ్డకట్టే సముద్రంలో వెళుతోంది. అందులో 902 మంది ఉన్నారు. జర్మన్ జలాంతర్గామి వదిలిన టార్పెడో తగిలింది. లైఫ్ జాకెట్లు వేసుకునే పడుకోమని కెప్టెన్ ముందే చెప్పినా, ఉక్కపోస్తుందనీ ఇబ్బందిగా ఉందనీ చాలామంది విప్పేశారు. దీపాలు ఆరిపోయాయి. ఆ చీకటిలో నలుగురు మతగురువులు పైకొచ్చి జాకెట్లు పంచడం మొదలుపెట్టారు. జార్జి ఫాక్స్ మెథడిస్టు, అలెగ్జాండర్ గుడ్ యూదు, క్లార్క్ పోలింగ్ రిఫార్మ్డ్ చర్చి వాడు, జాన్ వాషింగ్టన్ కాథలిక్. చేతి తొడుగుల కోసం గదికి తిరిగి వెళ్లబోతున్న ఒక నావికుణ్ణి గుడ్ ఆపి, నా దగ్గర ఇంకో జత ఉందంటూ తనవి ఇచ్చాడు. పడవలోకి చేరాక గాని, ఆ రెండో జత ఉండే అవకాశమే లేదని ఆ నావికుడికి తట్టలేదు. పెట్టెలో జాకెట్లు అయిపోయాక నలుగురూ ఒంటిమీదివి విప్పి, ముందు ఎవరు కనబడితే వాళ్లకు తొడిగారు. నీ మతమేమిటని ఎవరినీ అడగలేదు. చివరికి చేతులు కలుపుకొని ప్రార్థిస్తూ నౌకతో పాటే మునిగిపోయారు. బతికి బయటపడిన 230 మందిలో కొందరు కళ్లారా చూసి చెప్పిన మాటలివి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. 1945 ఆగస్టులో జపాన్ మీద అణుబాంబులు వేసిన వైమానిక దళం టీనియన్ దీవిలో ఉండేది. ఆ దళంలోని కాథలిక్కులకు మతగురువు ఫాదర్ జార్జి జబెల్కా. ఆగస్టు 6న హిరోషిమా మీద, 9న నాగసాకి మీద బాంబులు పడ్డాయి. నాగసాకిలో పేలిన చోటికి కూతవేటు దూరంలోనే ఉరకామి చర్చి ఉంది. తరతరాలుగా క్రీస్తును నమ్ముకున్న కాథలిక్ కుటుంబాలు ఉండే పేట అది. జబెల్కా బాంబు వేయలేదు, వేయమనీ చెప్పలేదు. ఆయన వాళ్లకు పూజలు చేశాడు, వాళ్ల పాప నివేదనలు విన్నాడు, ధైర్యం చెప్పాడు. కానీ ఊళ్లమీద బాంబులు వేసి ఆడవాళ్లనూ పిల్లలనూ చంపడం పాపమని ఒక్కసారి కూడా ప్రసంగించలేదు. ఏళ్లు గడిచాక తన మౌనమే తన నేరమని ఆయన బహిరంగంగా ఒప్పుకున్నాడు. యుద్ధాన్నే వ్యతిరేకించేవాడిగా మారాడు. శాంతి కోసం వేల మైళ్ల పాదయాత్రలో నడిచాడు, ముసలితనంలో జపాన్ వెళ్లి క్షమాపణ అడిగాడు.

పిల్లలూ, ఈ ఉద్యోగంలో ఉన్న కష్టమంతా ఇక్కడుంది. జీతం ఇచ్చేది ప్రభుత్వం, ఒంటిమీది యూనిఫారం సైన్యానిది, మనసు మాత్రం దేవుడికి జవాబుదారీ. కమాండరుకు కావలసింది గెలుపు. గురువు నోటివెంట నాలుగు మంచి మాటలు వస్తే జవాన్లలో ఊపు వస్తుందని అతనికి తెలుసు. అందులో తప్పు లేదు. భయపడుతున్న కుర్రవాడికి ధైర్యం చెప్పడం పుణ్యమే. కానీ అవతలివాడు మనిషే కాదు, వాణ్ణి ఏం చేసినా దేవుడు సంతోషిస్తాడు అని చెప్పిన రోజున ఆ గురువు కూడా ఒక ఆయుధమైపోతాడు. లొంగిపోయినవాణ్ణి కొట్టకూడదు, గాయపడినవాడు శత్రువైనా నీళ్లివ్వాలి అని చెప్పవలసినవాడు ఆయనే. కురుక్షేత్రం ముగిశాక నిద్రపోతున్నవాళ్లను చంపిన అశ్వత్థామను మన పెద్దలు వీరుడని పొగడలేదు, గురుపుత్రుడైనా సరే. సైనికుడి మేలు కోరే గురువు వాణ్ణి ప్రాణాలతో తిరిగి రమ్మని మాత్రమే కోరుకుంటే చాలదు. రేపు తన పిల్లల ముఖంలోకి చూడగలిగే మనిషిగా తిరిగి రావాలని కూడా కోరుకోవాలి. దీవించవలసింది మనిషిని, యుద్ధాన్ని కాదు. మీ ప్రశ్నకు నా జవాబు ఇదే.

అలా బతికినవాడు ఒకడున్నాడు, అమెరికా సైన్యంలో కాథలిక్ మతగురువు ఎమిల్ కపాన్. కొరియా యుద్ధంలో 1950 నవంబరులో ఉన్సాన్ దగ్గర చైనా సైనికులు తన పటాలాన్ని చుట్టుముట్టినప్పుడు తప్పించుకునే వీలున్నా క్షతగాత్రులను వదిలి వెళ్లలేదు. నేలమీద పడి ఉన్న ఒక సార్జెంటు మీదికి శత్రుసైనికుడు తుపాకీ గురిపెడితే, నడుచుకుంటూ వెళ్లి ఆ తుపాకీని పక్కకు తోసి, సార్జెంటును భుజాన వేసుకున్నాడు. కాల్చబోయినవాడు అలా చూస్తూ ఉండిపోయాడు. ఖైదీల శిబిరంలో జిగట విరేచనాలతో మంచాన పడ్డవాళ్ల బట్టలు ఉతికాడు. రేకును వంచి గిన్నెలు చేసి, మంచు కరిగించి, నీళ్లు కాచి తాగించాడు. ఆకలితో చచ్చిపోతున్నవాళ్ల కోసం రాత్రిపూట గోదాముల్లోంచి తిండిగింజలు దొంగిలించి తెచ్చాడు. దానికి ముందు, యేసు పక్కన శిలువ వేయబడిన దొంగకు ప్రార్థన చేసుకునేవాడట. 1951 మే 23న జబ్బుతో అక్కడే కన్నుమూశాడు. ఆయన పోయాక ఆ శిబిరానికి వచ్చిన ఒక యూదు పైలట్, ఆయన్ను ఎన్నడూ చూడకపోయినా, తోటి ఖైదీలు చెప్పింది విని కట్టెతో శిలువమీది క్రీస్తును చెక్కాడు. 2013లో అమెరికా ఆయనకు తన అత్యున్నత సైనిక పతకం ప్రకటించింది. 2021లో ఆయన అవశేషాలను గుర్తుపట్టి సొంత రాష్ట్రం కాన్సాస్‌కు చేర్చారు.

మీలో చిన్నది చివర్లో ఫోను లాక్కొని, "దేవుడు లేడనుకునే జవాను ఉంటే వాడెవరితో చెప్పుకోవాలి?" అంది. మంచి ప్రశ్న. నెదర్లాండ్స్ సైన్యంలో 1964 నుంచే ఏ మతానికీ చెందని మానవవాద సలహాదారులు ఉన్నారు, మతగురువులతో సమాన హోదాలో. మన ధర్మగురువుల పోస్టుల్లో అలాంటిది లేదు. నేను చూసిన మంచి పండిట్‌జీలు, గ్రంథీలు నమ్మకం లేనివాళ్ల పక్కన కూడా మాట్లాడకుండా గంటలు గంటలు కూర్చునేవాళ్లు. అయినా అది ఆ మనిషి మంచితనం మీద ఆధారపడి ఉండకూడదు, పద్ధతిగానే ఉండాలి. మన సైన్యంలోనూ అలాంటి పోస్టు ఒకటి రావాలని నా కోరిక.

వేసవి సెలవులకు వచ్చేటప్పుడు ఇంకా ఏమేం అడగాలనుకుంటున్నారో కాగితం మీద రాసి తెచ్చుకోండి. అమ్మమ్మ జంతికలు చేసి ఉంచుతానంది.

ప్రేమతో
మీ తాతయ్య