మందుకు విరుగుడు ఒంట్లోనే పుడితే

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) జబ్బులో రోగనిరోధక వ్యవస్థ సొంత నరాల మీది మైలిన్ పొరనే దెబ్బతీస్తుంది. ఆ దాడిని తగ్గించడానికి ఇచ్చే మందును కూడా అది పరాయిదిగా లెక్కగట్టి యాంటీబాడీలు తయారుచేసుకుంటే? సూది పడుతూనే ఉంటుంది, మందు పనిచేయదు. ఆ సంగతి రోగికి తెలియదు. జబ్బే ముదిరిందనుకుంటారు.

ఈ చిక్కు 1993 నాటిది. జబ్బు తీరును మార్చగలిగిన మొదటి మందుగా ఇంటర్‌ఫెరాన్ బీటా-1బికి ఆ ఏడాది అమెరికాలో అనుమతి దొరికింది. దాన్ని ఇ. కోలి బ్యాక్టీరియాలో తయారుచేస్తారు. మన ఒంట్లో పుట్టే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్‌కు ఉండే చక్కెర గొలుసులు దానికి ఉండవు. అమైనో ఆమ్లాల వరుసలోనూ స్వల్ప తేడా ఉంది. పైగా అణువులు ముద్దకట్టే గుణం ఒకటి. అందుకే ఒంటికి అది పరాయిదిగా తోచవచ్చు. వాడినవారిలో మూడో వంతుకు పైగా మందును నిర్వీర్యం చేసే యాంటీబాడీలు కనిపించాయని 1996లో తేలింది. క్షీరద కణాల్లో తయారయ్యే బీటా-1ఏ రకాల్లో ఈ బెడద తక్కువ. వారానికోసారి కండరంలోకి ఇచ్చే రకంలో మరీ తక్కువ.

అయినా వాదన పదేళ్లకు పైగా సాగింది. యాంటీబాడీలు తలెత్తడానికే ఆరు నెలల నుంచి ఏడాదిన్నర పడుతుంది, వాటి దెబ్బ బయటపడటానికి ఇంకా సమయం కావాలి. రెండేళ్లలో ముగిసే ట్రయల్స్‌కు అది సరిగా చిక్కలేదు. 541 మంది రోగులను ఏళ్ల తరబడి గమనించిన డెన్మార్క్ వైద్యులు, యాంటీబాడీలు ఉన్న కాలంలో జబ్బు ఎక్కువసార్లు తిరగబెట్టిందని 2003లో చూపించారు. మొదటి రెండేళ్లలో పరీక్ష చేయాలని 2005లో యూరప్ నాడీ వైద్యుల సమాఖ్య సూచించింది. అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ మాత్రం 2007లో ఆధారాలు చాలవంది. నా మటుకు పరీక్ష చేయాలన్న యూరప్ వారి మాటే సరైనది. పనిచేయని సూదిని నెలల తరబడి పొడిపించుకునే మనిషికి ఆ సంగతి తెలియాలి కదా.

తెలుసుకోవడం కష్టమూ కాదు. ఇంటర్‌ఫెరాన్ పనిచేస్తుంటే, సూది వేసిన కొన్ని గంటల్లో రక్తకణాల్లో ఎంఎక్స్ఏ అనే ప్రోటీన్ పెరుగుతుంది. యాంటీబాడీలు బలంగా ఉన్నవారిలో అది పెరగదు.

తర్వాత వచ్చిన మరో ఎం.ఎస్. మందు నటాలిజుమాబ్‌లోనూ ఇదే కథ. ట్రయల్‌లో 9 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి, 6 శాతంలో అవి నిలిచిపోయాయి. అలా నిలిచిపోయినవారిలో మందు ప్రభావం తగ్గింది, సెలైన్‌లో ఎక్కించేటప్పుడు రియాక్షన్లూ ఎక్కువగా వచ్చాయి.

ఎవరికి వస్తుందో ముందే చెప్పగలమా అన్నది ఆ తర్వాతి ప్రశ్న. ప్రోటీన్ తునకలను టి కణాలనే రోగనిరోధక కణాలకు చూపించే హెచ్‌ఎల్‌ఏ అణువుల్లో డీఆర్‌బీ1*0401, *0408 రకాలు ఉన్నవారికి ఇంటర్‌ఫెరాన్ మీద యాంటీబాడీలు వచ్చే అవకాశం ఎక్కువని 2008లో జర్మనీ పరిశోధకులు గుర్తించారు. అయితే జన్యువు మొగ్గునే చెబుతుంది. ఆ రకం ఉన్న అందరికీ యాంటీబాడీలు రావు, లేనివారికీ రావచ్చు. మందు రకం, ఇచ్చే మార్గం కూడా లెక్కలోకి వస్తాయి. 2012లో యూరప్‌లో మొదలైన అబిరిస్క్ ప్రాజెక్టు అందుకే ఎం.ఎస్.తో పాటు కీళ్లవాతం, పేగువాపు, హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) రోగులనూ కలుపుకుంది. సూది మొదలుకాకముందూ, మొదలైన తర్వాతి నెలల్లోనూ రోగుల రక్తం తీసి, యాంటీబాడీలు తలెత్తకముందే వాటి జాడ పట్టుకునే గుర్తుల కోసం వెతికింది.