గడ్డకు తగలాలి, కంటికి తగలకూడదు

కుక్కకు ముక్కు లోపల క్యాన్సర్ వస్తే శస్త్రచికిత్సతో మొత్తం తీసేయడం దాదాపు కుదరదు. రేడియేషనే ప్రధాన చికిత్స. అయితే గడ్డకు ఒక పక్క కన్ను, వెనక మెదడు. మధ్యలో ఉన్న ఎముక చాలా పలుచన. కిరణం కొద్ది మిల్లీమీటర్లు తప్పినా మూల్యం చెల్లించేది నోరులేని ఆ ప్రాణే.

జంతువులకు ఈ చికిత్స కొత్త కాదు. 1895లో రాంట్‌జన్ ఎక్స్-కిరణాలను కనుగొన్న తర్వాత యూరప్ పశువైద్యులు వాటిని త్వరగానే అందిపుచ్చుకున్నారు. వియన్నాలో అలోయిస్ పోమర్ ఈ వైద్యాన్ని ఒక పద్ధతిలో పెట్టారు. కానీ అప్పటి కిరణాలు బలహీనమైనవి. లోపలి గడ్డకు చాలినంత ఇవ్వబోతే చర్మం కాలేది.

1951లో కెనడాలో రేడియోధార్మిక కోబాల్ట్-60 వాడే యంత్రాలతో, 1953లో లండన్‌లో ఎలక్ట్రాన్ల వేగం పెంచి బలమైన ఎక్స్-కిరణాలు పుట్టించే లీనియర్ యాక్సిలరేటర్‌తో మనుషులకు చికిత్స మొదలైంది. వీటి కిరణాలు చర్మం దాటాకే పూర్తి తీవ్రతకు చేరతాయి. ఇలాంటి యంత్రాలు క్రమంగా పశువైద్య కళాశాలలకూ వచ్చాయి. అమెరికాలోని కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ జిలెట్ వంటివారు దీన్ని ఒక ప్రత్యేక వైద్యశాఖగా నిలబెట్టారు.

కిరణానికి బలం వచ్చింది కానీ, గడ్డ అంచు ఎక్కడుందో వైద్యుడికి కనిపించేది కాదు. మామూలు ఎక్స్-రే చూసి, చేత్తో లెక్కలు కట్టి, అనుమానం ఉన్న చోటంతా కలిపి కిరణాలు ఇచ్చేవారు. కన్నూ అందులోనే పడేది. గడ్డ తగ్గిన కుక్కల్లోనూ కళ్లు పొడిబారేవి, శుక్లాలు వచ్చేవి, కొన్నిటికి చూపే పోయేది. సీటీ స్కాన్ వచ్చాక గడ్డ హద్దులు తెలిశాయి. సన్నని లోహపు పలకలతో కిరణపుంజాన్ని మలిచి, అనేక కోణాల నుంచి పంపే విధానం వచ్చాక కంటిని చాలావరకు తప్పించగలిగారు.

నిజానికి కష్టమంతా అక్కడే మొదలైందని నాకనిపిస్తుంది. గురి ఎంత సన్నబడితే తల కదలిక అంత ప్రమాదం. కదలకుండా పడుకోమని కుక్కకు చెప్పలేం కాబట్టి ప్రతిసారీ మత్తు ఇవ్వాలి. పూర్తి కోర్సంటే తరచుగా 15 నుంచి 20 సార్లు. ప్రతిసారీ తల అదే కోణంలో ఉండాలి. అందుకే దంతవైద్యులు వాడే ముద్దతో పై పళ్ల అచ్చు తీసి, దాన్ని బల్లకు బిగించిన చట్రానికి అమరుస్తారు. మత్తులో ఉన్న కుక్క పళ్లను సరిగ్గా ఆ గుంటల్లో కూర్చోబెడతారు. ఒంటి కింద గాలి తీసేస్తే గట్టిపడే దిండు ఉంటుంది. ఆపైన యంత్రంలోనే స్కాన్ తీసి, తేడా ఉంటే బల్లను జరుపుతారు. చిన్న చివావా మొదలు గ్రేట్ డేన్ దాకా ఒకే సైజు సామగ్రి సరిపోదు, దేనికది అమర్చుకోవాల్సిందే.

పెద్ద మోతాదును ఒకటి నుంచి అయిదు సార్లలోనే ఇచ్చే స్టీరియోటాక్టిక్ పద్ధతిలో ఈ శ్రద్ధ ఇంకా అవసరం. ఇరవైసార్లలో ఒకరోజు కొంచెం తప్పితే మిగతా రోజుల్లో సర్దుకుంటుంది. మూడింటిలో ఆ వెసులుబాటు లేదు.

ముక్కు కనీసం ఎముకల మధ్య స్థిరంగా ఉంటుంది. మూత్రాశయం అలా కాదు, నిండినప్పుడు ఒకచోట, ఖాళీ అయినప్పుడు మరోచోట ఉంటుంది. అక్కడి గడ్డకు ఇప్పటికీ చుట్టూ అదనపు హద్దు కలిపే కిరణాలు ఇవ్వాల్సి వస్తోంది. పక్కనున్న పేగుకు వాటిలో కొంత తగులుతోంది.