మంచి కెమెరా ఉంటే చాలా? ఆన్‌లైన్ ప్రసంగాల రికార్డింగుపై అపోహలు - వాస్తవాలు

ఆన్‌లైన్ సదస్సుల్లో మాట్లాడేవాళ్లు పంపే రికార్డింగులను విని, సరిచూసి, ప్రసారానికి సిద్ధం చేయడం నా పని. లైవ్‌లో మాట్లాడేవాళ్లతో ముందురోజు కూర్చుని మైకు, కెమెరా, నెట్ ఎలా ఉన్నాయో చూడటం కూడా నేనే చేస్తాను. ఏళ్ల తరబడి చేసిన పనిని అరగంటలో చెప్పడానికి వచ్చినవాళ్లు చిన్న ఏర్పాటు దగ్గర పొరబడి ఆ అరగంటను పోగొట్టుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది. కింద రాసిన అపోహలన్నీ అలాంటి మంచి వక్తల నోట నేను పదేపదే విన్నవే.

అపోహ: మంచి కెమెరా కొంటే సగం పని అయిపోయినట్టే.

వాస్తవం: సగానికి పైగా పని శబ్దానిదే. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం సర్దుకుంటారు. చాలామంది ఇంకో పని చేసుకుంటూ చెవి మాత్రం మీకు అప్పగిస్తారు. మాట గుహలోంచి వచ్చినట్టుంటే మాత్రం విషయం ఎంత గొప్పదైనా ఎక్కువసేపు ఉండరు, ఎందుకంటే ఒక్కో మాటనీ ఏరుకుంటూ వినడం అలసట.

మాట స్పష్టంగా పడాలంటే మైకు ఖరీదు కంటే అది నోటికి ఎంత దగ్గర ఉందన్నది ముఖ్యం. నోటికీ మైకుకీ మధ్య దూరం రెట్టింపైతే నేరుగా అందే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గోడలకు తగిలి తిరిగొచ్చే శబ్దం మాత్రం అంతగా తగ్గదు. దాంతో దూరం పెరిగేకొద్దీ మీ గొంతు పలచబడి, గది గొంతు ముందుకొస్తుంది. ఖరీదైన మైకును మీటరు దూరంలో పెట్టడం కంటే, వైరున్న మామూలు ఇయర్‌ఫోన్ల మైకు గడ్డం కింద ఉండటమే చాలాసార్లు మెరుగు. బల్ల మీద పెట్టుకునే మైకైతే జానెడు దూరం సరిపోతుంది. నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకు జరపండి. సూటిగా పెడితే 'ప', 'ఫ', 'భ' పలికినప్పుడల్లా ఊపిరి తగిలి 'డబ్' మని కొడుతుంది.

గది సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నున్నటి నేల, ఖాళీ గోడలు ఉన్న పెద్ద హాలు చూడటానికి బాగుంటుంది, వినడానికి బాగుండదు. పరుపు, దుప్పట్లు, కర్టెన్లు ఉన్న చిన్న పడకగది శబ్దాన్ని మింగేస్తుంది. గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు ఆగిపోయాక వెనకే 'టింగ్' మంటూ తోకలాగా ఏదైనా వినిపిస్తే, వేరే గది చూసుకోండి. వేరే గది లేకపోతే కెమెరా వెనక, మీకు ఎదురుగా, దళసరి దుప్పటి ఒకటి వేలాడదీయండి. తేడా మీకే తెలుస్తుంది.

అపోహ: నా వైర్‌లెస్ ఇయర్‌బడ్స్‌లో పాటలు అద్భుతంగా వినిపిస్తాయి. మైకు కూడా అంతే బాగుంటుంది.

వాస్తవం: ఇప్పుడు వాడకంలో ఉన్న చాలా బ్లూటూత్ ఇయర్‌బడ్స్, వాటి మైకు ఆన్ కాగానే ఫోన్ కాల్ పద్ధతిలోకి మారిపోతాయి. ఆ పద్ధతిలో గొంతు సెకనుకు 8 వేలో 16 వేలో శాంపుల్స్‌తో (అంటే సెకనుకు అన్నిసార్లు కొలిచి) వెళ్తుంది. వీడియో రికార్డింగుకు మామూలుగా వాడేది 48 వేలు. 8 వేల శాంపుల్స్‌లో 4 వేల హెర్ట్జ్‌కి పైనున్న సన్నటి శబ్దానికి చోటే లేదు, 'స' పదునంతా ఎక్కువగా ఉండేది అక్కడే. అందుకే ఆ గొంతు పాత టెలిఫోనులో మాట్లాడినట్టు ఉంటుంది. వినడానికి ఇయర్‌బడ్స్ వాడుకోండి, మాట్లాడటానికి వైరున్న మైకు పెట్టండి.

అపోహ: తప్పులేమైనా ఉంటే ఎడిటింగ్‌లో సరిచేసుకోవచ్చు.

వాస్తవం: కొన్ని సరిచేయవచ్చు. ఫ్యాను హోరులాగా ఆగకుండా ఒకే తీరుగా ఉండే చప్పుడును ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ బాగానే తగ్గిస్తుంది. దానికి మాట లేని చోట ఆ హోరు నమూనా కావాలి. అందుకే రికార్డింగు నొక్కాక 10 సెకన్లు కదలకుండా, మాట్లాడకుండా కూర్చోమంటాను. గదిలోని ఎకో మాటతో కలిసిపోతుంది కాబట్టి దాన్ని విడదీయడం చాలా కష్టం, విడదీసినా గొంతు రేకుడబ్బా మోతలా తయారవుతుంది. గొంతు మరీ గట్టిగా పడి పగిలిపోతే పోయిన భాగం తిరిగి రాదు. డిజిటల్ రికార్డింగులో 0 డెసిబెల్స్ అనేది పైకప్పు, దాన్ని తాకిన శబ్దం శిఖరాలు తెగిపోతాయి. మీరు గట్టిగా మాట్లాడిన చోట్ల కూడా శబ్దం స్థాయి చూపే మీటరు మైనస్ 12కీ మైనస్ 6కీ మధ్య ఆడుతుంటే నిశ్చింత.

ఒకసారి ఒకావిడ 40 నిమిషాల రికార్డింగు పంపారు. తయారై, ఒక్క బిగిన చెప్పిన ప్రసంగం. కాలర్‌కి చిన్న మైకు పెట్టుకున్నారు, దాని మీది దీపం వెలుగుతున్నట్టు వీడియోలో కనిపిస్తూనే ఉంది. గొంతు మాత్రం ఎక్కడో దూరంగా ఉంది. స్లైడు మారిన ప్రతిసారీ పెద్దగా 'టప్'. రికార్డింగు సాఫ్ట్‌వేర్ తీసుకున్నది కాలర్ మైకును కాదు, ల్యాప్‌టాప్ లోపలి మైకును. కీబోర్డు పక్కనే అది ఉండటంతో ఆ టప్పులన్నీ మాటల మీదే పడ్డాయి. ఎంత ప్రయత్నించినా తీయలేకపోయాను. పాపం ఆవిడ మొత్తం మళ్లీ చెప్పాల్సి వచ్చింది. రెండోసారి శబ్దం శుభ్రంగా ఉంది, కానీ మొదటిసారి గొంతులో ఉన్న ఉత్సాహం లేదు. అది నాకు ఇప్పటికీ గుర్తే.

అప్పటి నుంచి అందరి చేతా ఒక పని చేయిస్తున్నాను. రికార్డింగు నొక్కి, బయటి మైకును గోటితో మెల్లగా గీకండి. తర్వాత ల్యాప్‌టాప్‌ను కీబోర్డు పక్కన గీకండి. ఆపి, వెనక్కి వినండి. ఏ గీకుడు పెద్దగా వినిపిస్తే ఆ మైకే పనిచేస్తున్నట్టు. ఆ తర్వాత, నిజంగా ఎలా మాట్లాడతారో అలాగే స్లైడ్లు మారుస్తూ రెండు నిమిషాలు మాట్లాడి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి. ల్యాప్‌టాప్ స్పీకర్లలో వింటే ఫ్యాను హోరు, గడియారం టిక్ టిక్, మైకుకు రాసుకునే గొలుసు చప్పుడు తెలియవు. మీ ప్రసంగం వినేవాళ్లలో చాలామంది చెవుల్లో ఇయర్‌ఫోన్లే ఉంటాయి, వాళ్లకు అవన్నీ తెలుస్తాయి.

అపోహ: స్పీడ్ టెస్టులో 100 ఎంబీపీఎస్ వచ్చింది, లైవ్‌కి ఢోకా లేదు.

వాస్తవం: ఆ 100 బహుశా డౌన్‌లోడ్ వేగం. లైవ్‌లో మీరు పంపేవాళ్లు కాబట్టి చూడాల్సింది అప్‌లోడ్. సెకనుకు 30 ఫ్రేములతో 1080పి (ఫుల్ హెచ్‌డీ) వీడియో పంపడానికి 4 నుంచి 6 ఎంబీపీఎస్ అనుకుంటే, అప్‌లోడ్ అంతకు రెట్టింపు ఉండాలి. ఒక్కసారి టెస్టు చేసి తృప్తిపడకండి. ప్రసంగం ఉండే వేళలోనే రెండు మూడు రోజులు చూడండి. వేగం కంటే నిలకడ ముఖ్యం: నిలకడగా వచ్చే 10, ఎగిరిపడే 50 కంటే మేలు.

వీలైతే రౌటర్ నుంచి కేబుల్ లాగండి. వైఫై తప్పనిసరైతే 5 గిగాహెర్ట్జ్ బ్యాండు ఎంచుకోండి. 2.4 మీద బ్లూటూత్ పరికరాలు, మైక్రోవేవ్ ఓవెన్, చుట్టుపక్కల రౌటర్లు అన్నీ గుమిగూడి ఉంటాయి. ఫోన్లో ఫొటోల బ్యాకప్, కంప్యూటర్లో అప్‌డేట్లు ఆపేయండి. ఇంత చేసినా నెట్ బలహీనంగానే ఉంటే స్పష్టత కాస్త తగ్గించి 720పికి దిగండి. ఆగి ఆగి వచ్చే 1080పి కంటే ఆగకుండా వచ్చే 720పి వినేవాళ్లకు సుఖం. ఫోన్ హాట్‌స్పాట్‌ను ఒకసారి కనెక్ట్ చేసి చూసి, పక్కన సిద్ధంగా పెట్టుకోండి.

అపోహ: యూట్యూబ్ ఖాతా ఎలాగూ ఉంది, ఆ రోజు లైవ్ నొక్కేస్తే సరి.

వాస్తవం: ఆ ఖాతాలో ఇంతకు ముందు లైవ్ చేయకపోతే, అనుమతి రావడానికి 24 గంటల దాకా పట్టవచ్చు. ముందే ఆన్ చేసి ఉంచండి. ఇంకో సంగతి, మీరు మాట్లాడిన మాట చూసేవాళ్లకు చేరడానికి కొన్ని సెకన్ల నుంచి అర నిమిషం దాకా పడుతుంది. ప్రశ్న అడిగి వెంటనే చాట్‌లో జవాబు లేదని కంగారు పడకండి. మీ లైవ్‌ను మీరే ఇంకో ట్యాబ్‌లో తెరిచి ఉంచితే, ఆలస్యంగా వచ్చే మీ గొంతు మైకులో మళ్లీ దూరుతుంది. చూడాలనుకుంటే దాని సౌండ్ ఆపి చూడండి.

అపోహ: రాసుకుని చదివేస్తే తప్పులూ రావు, సమయమూ సరిపోతుంది.

వాస్తవం: కళ్లు వాక్యం వెంట పరిగెడుతుంటే వినేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. మొదటి నాలుగు వాక్యాలూ చివరి రెండు వాక్యాలూ రాసుకుని, మధ్యలో ముఖ్యాంశాలు మాత్రం పెట్టుకోమంటాను. ఆ కాగితాన్ని కెమెరా కింద కాకుండా లెన్సు పక్కనే అంటించండి. టెన్షన్‌గా ఉన్నవాళ్లకు ఆ మొదటి నాలుగు వాక్యాలే ఊతం.

సమయం సంగతికొస్తే, నిమిషానికి 130, 150 పదాలని చెప్పే లెక్క ఇంగ్లీషుది. తెలుగులో 'చెప్పలేకపోయాను' ఒక్క పదం, ఇంగ్లీషులో అదే నాలుగు పదాలు. ఆ లెక్కతో తెలుగు ప్రసంగం రాసుకుంటే సమయం చాలక చివర్లో పరుగు పెట్టాల్సి వస్తుంది. గడియారం ముందు పెట్టుకుని, నోరు విప్పి, నిలబడి చెప్పి చూసుకోవడమే సరైన పద్ధతి. మనసులో చదివితే ఎప్పుడూ తొందరగా అయిపోతుంది. 20 నిమిషాలిస్తే 18కి తయారవ్వండి.

అపోహ: హాల్లో వాడిన స్లైడ్లే ఇక్కడా పనికొస్తాయి.

వాస్తవం: హాల్లో తెర గోడంత, ఇక్కడ చాలామందికి అరచేయంత. స్లైడును మీ ఫోన్లోనే తెరిచి, చేయి చాచి పట్టుకుని చూడండి. చదవలేని అక్షరాలను పెంచడమో తీసేయడమో చేయండి. మీ ముఖం ఏ మూల కనిపిస్తుందో నిర్వాహకులను అడిగి ఆ మూల ఖాళీగా వదలండి. "ఇదిగో ఇక్కడ చూడండి" అని వేలు చూపిస్తే ఎవరికీ కనిపించదు. "ఎడమ పక్క రెండో గడి" అని నోటితో చెప్పండి, తెర చూడకుండా వింటున్నవాళ్లకు కూడా అది అందుతుంది.

అపోహ: వెనక కిటికీ ఉంటే వెలుతురు బాగుంటుంది.

వాస్తవం: కిటికీ ఎదురుగా ఉండాలి. వెనక ఉంటే ముఖం నల్లటి నీడైపోతుంది. దీపాల వెలుగులో బొమ్మ మీద చారలు పాకుతుంటే, వెబ్‌క్యామ్ సెట్టింగుల్లో ఫ్లికర్‌ను మీ కరెంటుకు తగ్గట్టు 50 హెర్ట్జ్‌కో 60కో మార్చండి.

అపోహ: రికార్డింగు ఆపితే ఫైలు దానంతటదే వచ్చేస్తుంది, దాని గురించి ఆలోచించేదేముంది?

వాస్తవం: మధ్యలో కరెంటు పోతేనో, కంప్యూటర్ నిలిచిపోతేనో ఆలోచించాల్సి వస్తుంది. మామూలు ఎంపీ4 ఫైలు చివర్లో దాని విషయసూచిక రాసుకుంటుంది. అది రాయకముందే ఆగిపోతే ఫైలు తెరుచుకోదు. ఓబీఎస్ స్టూడియో అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఎంకేవీ అనే ఫైలు రకంలో రికార్డు చేసుకుంటే ఆగిన చోటి దాకా మిగులుతుంది. తర్వాత ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్న రీమక్స్ అనే సదుపాయంతో నాణ్యత తగ్గకుండా ఎంపీ4గా మార్చుకోవచ్చు. చోటు కూడా చూసుకోండి: 10 ఎంబీపీఎస్‌తో అరగంట రికార్డు చేస్తే దాదాపు 2.25 జీబీ అవుతుంది, మూడు టేకులకు దాదాపు 7 జీబీ.

ఫైలుతో పాటు మీ ప్రసంగంలో వచ్చే పేర్లు, సాంకేతిక పదాల జాబితా ఒకటి పంపండి. ఆటోమేటిక్ క్యాప్షన్లు తడబడేది ముఖ్యంగా వాటి దగ్గరే, వినికిడి లోపం ఉన్నవాళ్లు ఆధారపడేది ఆ క్యాప్షన్ల మీదే. పంపాక, మీ కంప్యూటర్లో ఉన్నదాన్ని కాకుండా అప్‌లోడ్ అయిన ఫైలును తెరిచి, చివరి నిమిషం దాకా వినండి. మధ్యలో తెగిపోయిన ఫైళ్లు నాకు గడువు రాత్రి వచ్చిన సందర్భాలున్నాయి, అప్పటికి వక్త నిద్రపోయి ఉంటారు.