సీసా మీద రాయని సంగతులు

నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో నీళ్లలోని ఫ్లోరైడ్ గురించి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. అక్కడి దుకాణంలో ఫ్లోరైడ్ ఉన్న టూత్‌పేస్టు కొంటే, అది ఎన్ని పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలు) ఉందో ట్యూబు మీదే అచ్చు వేసి ఉంటుంది. 1000 పీపీఎం దాటకూడదని, ఆ అంకెను ముద్రించాలని నిబంధన ఉంది. అదే దుకాణంలో దగ్గు సిరప్ సీసాను తిప్పి చూడండి. మందుల పేర్లు, వాటి మిల్లీగ్రాములు, రంగు పేరు ఉంటాయి. చివర ‘ఫ్లేవర్డ్ సిరపీ బేస్, క్యూ.ఎస్.’ అని ఉంటుంది. క్యూ.ఎస్. అంటే తగినంత. ఆ తగినంతలో చక్కెర ఎంత, ద్రావకం ఏది, చెడిపోకుండా ఏం కలిపారు? కొన్నవారికి తెలిసే దారి లేదు.

దీని మూలం వలస పాలన నాటిది. 1930-31లో ఆర్.ఎన్. చోప్రా అధ్యక్షతన ఔషధ విచారణ సంఘం ఏర్పడేనాటికి మార్కెట్ నిండా నకిలీలు, నాసిరకాలే. సీసా మీద రాసిన మందు లోపల ఉందా లేదా అన్నదే అప్పటి దిగులు. 1940 నాటి ఔషధ చట్టం, 1945 నాటి ఔషధ నియమాలు ఆ దిగులుకే జవాబు చెప్పాయి. అందుకే 96వ నియమం అసలు మందు పేరు, మోతాదు, తయారీదారు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ అడిగింది. మాత్రకు ఒడ్డూ పొడుగూ ఇచ్చే పిండి, లాక్టోజ్ (పాల చక్కెర), జిగురు, తీపి వంటి సహాయక పదార్థాల గురించి పట్టించుకోలేదు. రంగును, 3 శాతం నుంచి ఆపై ఉన్న ఆల్కహాల్‌ను మాత్రం సీసా మీద రాయాల్సిందే. విచిత్రమేమిటంటే, ముఖానికి రాసుకునే క్రీము మీద 1 శాతం మించిన పదార్థాలన్నీ వరుసగా రాయాలి. కడుపులోకి వెళ్లే మాత్రకు ఆ బాధ్యత లేదు.

అమెరికాలోనూ మందుల మీద సహాయక పదార్థాల జాబితా తేలిగ్గా రాలేదు. 1937లో ఒక కంపెనీ సల్ఫనిలమైడ్ అనే మందును డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి అమ్మింది. వందమందికి పైగా చనిపోయారు, వారిలో పిల్లలు చాలామంది. చంపింది మందు కాదు, దాన్ని కరిగించిన ద్రవం. మరుసటి ఏడాదే కొత్త చట్టం వచ్చింది గానీ, అది అడిగింది భద్రతా పరీక్షలనే. పేర్లు రాయించడానికి ఇంకా చాలా కాలం పట్టింది. టార్ట్రజైన్ అనే పసుపు రంగు కొందరికి పడదని తేలాక 1979లో దాని పేరు ముద్రించమన్నారు. డాక్టరు చీటీ లేకుండా అమ్మే మందుల మీద సహాయక పదార్థాలన్నీ రాయాలన్న చట్టం 1997లో వచ్చింది. పేర్లను అక్షర క్రమంలో ఇస్తే చాలు, మోతాదు చెప్పనక్కర్లేదు. 1999లో ఆ లేబుల్‌కు ఒకే నమూనా ఖరారు చేశారు.

జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్‌లో అమెరికాకు మందులు పంపే కర్మాగారాలు ఉన్నాయి. ఇలాంటి చోట తయారైన నొప్పి మాత్ర అక్కడి దుకాణంలో చీటీ లేకుండా అమ్ముడైతే దాని డబ్బా మీద సహాయక పదార్థాల జాబితా ఉండి తీరాలి. అదే రకం మాత్ర మహబూబ్‌నగర్‌లో అమ్మితే అక్కర్లేదు. తయారీదారుకు జాబితా ఇవ్వడం చేతకాదని ఇక ఎవరనగలరు?

మన దేశానికి ఆ గ్లైకాల్ పాఠం పదేపదే ఎదురైంది. 1972లో మద్రాసు, 1986లో బొంబాయి జేజే ఆసుపత్రిలో 14 మంది, 1998లో గురుగ్రామ్‌లో 33 మంది పిల్లలు. ఆ తర్వాత జమ్మూ. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో ఇరవై మందికి పైగా పిల్లలు చనిపోయారు. లేబుల్ మీద పేర్లు రాస్తే ఇవన్నీ ఆగేవని చెప్పడం అబద్ధమవుతుంది. కల్తీ చేసేవాడు సీసా మీద విషం పేరు రాయడు, మందుల్లో మామూలుగా వాడే ద్రావకం ప్రొపిలీన్ గ్లైకాల్ పేరే రాస్తాడు. దాన్ని పట్టుకోవలసింది ప్రయోగశాలే. పేర్లు కావలసింది వేరే వారికి: చక్కెర వ్యాధి ఉండీ తీపి సిరప్ తాగేవారికి, బీపీ ఉండీ నీళ్లలో పొంగే మాత్ర వేసుకునేవారికి (ఆ పొంగులో సోడియం బాగానే ఉంటుంది), పాలు పడనివారికి, జంతువుల నుంచి తీసే జిలాటిన్ వద్దనుకునే శాకాహారులకు.

దక్షిణ తెలంగాణలో ఇది మరింత సూటిగా తగులుతుంది. ఔషధ నియమాల్లోని షెడ్యూల్ కె ప్రకారం వెయ్యికి మించని జనాభా ఉన్న ఊళ్లలో పారాసిటమాల్, యాంటాసిడ్, గ్రైప్ వాటర్, దగ్గు మందు వంటి ఇంటి మందులను అమ్మకపు లైసెన్సు లేకుండానే అమ్ముకోవచ్చు. దేవరకొండ, అచ్చంపేట వైపు అలాంటి చిన్న తండాలు ఎన్నో. దూరం నడవకుండా జ్వరం మాత్ర దొరకడం మేలే, ఆ సౌకర్యాన్ని తీసేయమని నేను అనను. కానీ అక్కడ ఫార్మసిస్టు ఉండడు. అడగడానికి మిగిలింది సీసా మీది కాగితం ఒక్కటే, అది కూడా తెలుగులో ఉండదు.

2023 ఆగస్టు నుంచి 300 ప్రముఖ బ్రాండ్లకు క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. మందు పేరు, తయారీదారు, బ్యాచ్, తేదీలు, లైసెన్సు సంఖ్య అందులో ఉండాలన్నారు. ఆ నోటిఫికేషన్ అడిగిన వివరాల్లో సహాయక పదార్థాలు లేవు.