పేజీని తొక్కేశారా? ఫేస్‌బుక్ నిబంధనల మార్పులపై అపోహలు - వాస్తవాలు

వ్యాపార పేజీల నిర్వహణ నా వృత్తి. నా దగ్గరకు వచ్చే దుకాణదారుల్లో చాలామంది మొదట చెప్పే మాట, "మా పేజీని ఫేస్‌బుక్ వాళ్లు తొక్కేశారండీ" అని. నిన్నటిదాకా వందలమంది చూసిన పేజీలో ఈ రోజు పెట్టిన పోస్టును పాతికమంది కూడా చూడకపోతే ఎవరికైనా అలాగే తోస్తుంది. అయితే ఏ నిబంధన ఎప్పుడు మారిందో, అది దేనికి వర్తిస్తుందో చూడకుండా ఆ బాధలోనే నిర్ణయాలు తీసుకున్నవారు డబ్బు పోగొట్టుకోవడం నేను చాలాసార్లు చూశాను.

అపోహ: పేజీకి లైక్ కొట్టిన వారందరికీ పోస్టు చేరాలి. చేరడం లేదంటే మన మీద కక్ష కట్టినట్టే.

వాస్తవం: ఎంతమంది లైక్ కొట్టారన్నదానికీ, పోస్టు ఎంతమందికి చేరుతుందన్నదానికీ ముడి తెగిపోయి చాలా ఏళ్లయింది. 2014 జూన్‌లో ఆ సంస్థ ఉన్నతోద్యోగి బ్రయాన్ బోలండ్ ఇచ్చిన వివరణ ప్రకారం, ఒకరు ఫేస్‌బుక్ తెరిచిన ప్రతిసారీ సగటున 1,500 పోస్టులు వారి కంటపడేందుకు పోటీపడేవి; వాటిలో సుమారు 300 మాత్రమే ఎంపికయ్యేవి. అదే ఏడాది నవంబరులో, కొనండి కొనండి అని ఒత్తిడి చేయడం తప్ప మరేమీ లేని పోస్టులను, ప్రకటనలోని మాటలనే తిరిగి పెట్టే పోస్టులను 2015 జనవరి నుంచి తక్కువమందికి చూపుతామని ప్రకటించారు. 2018 జనవరి 11న మార్క్ జుకర్‌బర్గ్, స్నేహితుల, కుటుంబ సభ్యుల పోస్టులకు ముందుచోటు ఇస్తామని, వ్యాపార సంస్థల, మీడియా పోస్టులు తగ్గుతాయని చెప్పారు. ఇవన్నీ అన్ని పేజీలకూ వర్తించిన మార్పులే తప్ప ఏ ఒక్క దుకాణాన్నో ఉద్దేశించినవి కావు.

నేను చూసే ఒక చీరల దుకాణం పేజీలో ఒకే వారం రెండు పోస్టులు పెట్టాం. మొదటిదానిలో చీర బొమ్మ, ధర, ఫోన్ నంబరు, "నేడే విచ్చేయండి" అన్న మాట ఉన్నాయి. రెండోదానిలో దుకాణం యజమానురాలు మంగళగిరి చీరను బల్ల మీద పరచి, నిజాం అంచును వేలితో తిరగేసి, ముందువైపు ఎలా ఉంటుందో, వెనకవైపు ఎలా ఉంటుందో చూపించారు. మొదటి పోస్టు కింద ఒక్క కామెంటు కూడా రాలేదు. రెండోదాని కింద "మొదటి ఉతుకుకు ఉప్పు వేయాలా అండీ?" అని ఒకరు అడిగితే మరొకరు జవాబిచ్చారు, ఆ సంభాషణ రెండు రోజులు సాగింది. పేజీ అదే, నిబంధనలూ అవే.

అపోహ: "షేర్ చేసి, ముగ్గురిని ట్యాగ్ చేయండి, బహుమతి గెలుచుకోండి" అంటే పేజీ పైకి లేస్తుంది.

వాస్తవం: పోటీలను నేరుగా పేజీలోనే నిర్వహించుకోవచ్చని 2013 ఆగస్టులో అనుమతించారు, లైకును, కామెంటును ప్రవేశంగా లెక్కించవచ్చు. కానీ సొంత టైమ్‌లైన్‌లో షేర్ చేయడాన్ని, స్నేహితులను ట్యాగ్ చేయడాన్ని షరతుగా పెట్టకూడదు. 2017 డిసెంబరులో మరో అడుగు ముందుకు వేసి, లైకులు, షేర్లు, ట్యాగులు, ఓట్లు అడుక్కునే పోస్టులను కిందికి నెడతామని, పదేపదే అలా చేసే పేజీల రీచ్ (పోస్టులు చేరే జనం సంఖ్య) మొత్తాన్నే తగ్గిస్తామని చెప్పారు. పేజీని తొక్కేయడం అంటూ ఉంటే అది ఇదే, దాన్ని మన చేతులతో మనమే తెచ్చుకుంటాం. ఒక పచ్చళ్ల వ్యాపారికి కిలో ఆవకాయ బహుమతిగా ఇలాంటి పోటీ పెట్టించిన తప్పు నేనూ చేశాను. ట్యాగులు వచ్చాయి, ఆర్డర్లు రాలేదు. తర్వాత పెట్టిన మామూలు పోస్టులు కూడా చాలా వారాల పాటు తేరుకోలేదు. సలహా అడగడం, అభిప్రాయం కోరడం మాత్రం ఈ నిబంధన కిందికి రావు.

అపోహ: బొమ్మలో 20 శాతానికి మించి అక్షరాలుంటే ప్రకటనను ఆపేస్తారు.

వాస్తవం: ఆ పరిమితిని 2020 సెప్టెంబరులోనే ఎత్తేశారు.

అపోహ: డబ్బు కట్టి పోస్టును బూస్ట్ చేస్తే, అంటే ప్రకటనగా మరింతమందికి చూపిస్తే, ఏ నిబంధనా అడ్డురాదు.

వాస్తవం: డబ్బు కట్టిన పోస్టుకు ప్రకటనల నిబంధనలు అదనంగా వర్తిస్తాయి. 2022 జనవరి 19 నుంచి ఆరోగ్యం, మతం, రాజకీయాలు వంటి సున్నితమైన అంశాలపై ఆసక్తి ఆధారంగా జనాన్ని ఎంచుకునే వీలును తొలగించారు. ప్రపంచ మధుమేహ దినోత్సవంపై ఆసక్తి ఉన్నవారిని ఎంచుకుని కొర్రలు, అండుకొర్రలు అమ్ముకునే చిరుధాన్యాల వ్యాపారికి ఆ దారి మూసుకుపోయింది. "మీకు షుగర్ ఉందా?" అని చదివేవారినే నేరుగా ప్రశ్నించే ప్రకటననూ తిరస్కరిస్తారు, అదే "కొర్రలతో ఉప్మా ఇలా చేసుకోవచ్చు" అంటే ఇబ్బంది లేదు. ఇక 2021 ఏప్రిల్‌లో ఐఫోన్లలో ఆపిల్ తెచ్చిన నిబంధన (ఇతర యాప్‌లలో, వెబ్‌సైట్లలో మనం చేసే పనులను గమనించాలంటే యాప్ ముందుగా మన అనుమతి అడగాలి) వల్ల, ప్రకటన చూసినవారు వెబ్‌సైటులో ఏం కొన్నారో కొలవడం కష్టమైంది. దీనివల్ల 2022లో సుమారు 1,000 కోట్ల డాలర్ల ఆదాయం కోల్పోతామని ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటాయే అంచనా వేసింది. ఆర్డర్లన్నీ ఫోనులో, వాట్సాప్‌లో తీసుకునే దుకాణాలకు ఆ దెబ్బ తక్కువ.

అపోహ: "మీ పేజీ నిబంధనలను ఉల్లంఘించింది, 24 గంటల్లో తొలగిస్తాం" అని మెసెంజర్‌లో వచ్చిన హెచ్చరిక మెటా పంపినదే.

వాస్తవం: అది పాస్‌వర్డు దొంగల పని. నిజంగా ఉల్లంఘన ఉంటే, పేజీ సెట్టింగుల్లో పేజీ స్థితిని చూపే చోట, ఏ పోస్టు మీద ఏ నిబంధన కింద చర్య తీసుకున్నారో కనిపిస్తుంది. చర్య పొరపాటని అనిపిస్తే, పునఃపరిశీలన కోరే వీలు చాలా సందర్భాల్లో అక్కడే ఉంటుంది. మెసెంజర్‌లో వచ్చిన లింకును మాత్రం తెరవకండి.